వానొస్తే కప్పేదెవరు

ఆ రోజు కూడా మే తు చీకటి ఉండగానే లేచి పులుసు పొయ్యి మీద పెట్టింది. బర్మాలోని తాకేటాలో ఆ వీధివాళ్లకు ఆమె చేసే మొహింగా తింటేగాని తెల్లారినట్టుండదు. వాలుగ చేపలు ఉడికించి, ముళ్లు ఏరి, అరటిదూట ముక్కలు వేసి కాచిన చిక్కటి పులుసును సన్నటి బియ్యపు సేమియా మీద పోసి ఇస్తుంది. బస్సుకు పోయేవాళ్లూ, రేవు పనికి పోయేవాళ్లూ వరండాలో వేసిన బల్లల మీద కూర్చుని తినేసి పోతారు. అత్తగారు గంగాభవాని ఒక పక్కన పీట వేసుకుని ఉడికిన గుడ్లు ఒలుస్తుంది. మామగారు వెంకటరాజు వణికే చేతులతోనే ఖాళీ గిన్నెలు ఏరుకొస్తాడు. ఎండ వీధిలోకి దిగేసరికి కుండ ఖాళీ అవుతుంది.

ఆ కుండ కడుగుదామని పెరట్లోకి వెళ్లిన మే తు గుమ్మంలోనే ఆగిపోయింది.

గోడ పక్కనున్న, చేపలు కాల్చే గ్రిల్లు మీద నీలం రంగు బరకం కప్పి ఉంది. మూలలు నాలుగూ లాగి, చక్రాల దగ్గర తాళ్లు బిగించి ఉన్నాయి. పొగగొట్టం మీద పాలడబ్బా బోర్లించి ఉన్నట్టు బరకం పైన గుండ్రటి బొడిపె తెలుస్తోంది. అడుగున జానెడు మేర ఖాళీ వదిలి ఉంది. అక్కడ గాలి ఆడకపోతే లోపల చెమ్మ నిలిచి ఇనుము తుప్పెక్కిపోతుందని సంతోష్ అనేవాడు. అన్నీ అతను చేసినట్టే ఉన్నాయి. తాళ్లకు వేసిన ముడి కూడా అతను వేసే ముడే. ఒక కొస లాగితే చాలు, మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. ఓడల మీద పనిచేసిన తాత దగ్గర నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకునేవాడు.

సంతోష్ చనిపోయి ఏడాది కావస్తోంది.

మొన్న ఆ బరకాన్ని మే తు తన చేతులతోనే మడిచి, వంటింటి అటక మీదున్న పాత ఇత్తడి బిందెలో కుక్కి, పైన చాపచుట్ట పెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, నిచ్చెన ఎక్కలేదు. మామగారి చేతులు గిన్నె పట్టుకోవడానికే వణుకుతాయి. ఏడేళ్ల పద్మినికి నిచ్చెన ఎక్కినా బిందె అందదు. నిన్న మధ్యాహ్నం తను పడుకున్నప్పుడు వాన పడింది. లేచాక పెరట్లోకి రావడానికి భయపడి రాలేదు. ఇప్పుడు వచ్చి చూస్తే ఇదీ సంగతి.

ఆమె కుండను అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసింది. వంటింట్లో నిచ్చెన వేసి అటక మీద చూసింది. బిందె ఖాళీగా ఉంది. దాని మీద చాపచుట్ట మళ్లీ పెట్టినట్టే పెట్టి ఉంది.

ఆ గ్రిల్లు ఆ ఇంటికి వచ్చిన వైనం ఇది. సంతోష్ ఒక విదేశీయుల కుటుంబానికి కారు నడిపేవాడు. వాళ్లు దేశం విడిచి పోతూ దాన్ని అతనికి ఇచ్చేశారు. దానికి బొగ్గు అక్కర్లేదు, గ్యాసూ అక్కర్లేదు. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలతో మండుతుంది. ఆ గుళికలు చూడడానికి కోళ్ల దాణాలా ఉంటాయి. పక్కనున్న డబ్బాలో పోస్తే కరెంటుతో తిరిగే మర ఒకటి వాటిని కొంచెం కొంచెంగా నిప్పులోకి తోస్తుంది. సంతోష్ సాయంత్రాలు దాని మీద చేపలూ కోడి తొడలూ కాల్చి అమ్మేవాడు. ఆ పొగ వాసన పట్టుకుని పక్క వీధుల నుంచి కూడా జనం వచ్చేవారు.

వానాకాలం వచ్చిందంటే మాత్రం అతనికి స్థిమితం ఉండేది కాదు. గుళికలకు తడి తగిలిందా, ఉబ్బి ముద్దయిపోయి మరను పట్టేస్తాయి. అందుకని ఆకాశం నల్లబడితే చాలు, పెరట్లోకి పరిగెత్తేవాడు. ముందు ప్లగ్గు లాగడం, తర్వాత డబ్బాలో మిగిలిన గుళికలు మూతున్న డ్రమ్ములోకి తోడడం, అరచెయ్యి ఆనించి వేడి చల్లారిందో లేదో చూడడం, అప్పుడు కప్పడం. వేడి మీద కప్పితే లోపలే ఆవిరి పట్టి నీళ్లు కారతాయనేవాడు. దానికి చేసినంత సేవ కన్నతల్లికి చెయ్యడం లేదని గంగాభవాని వేళాకోళం ఆడేది.

నిరుడు వానల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అది రోజూ ఉండేదే. కాసేపటికి వాన మొదలైంది. సంతోష్ పెరట్లోకి వెళ్లి తడిచేత్తో ప్లగ్గు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది.

మే తు అప్పుడు నిద్రపోతోంది. చీకటితో లేచే మనిషి కాబట్టి మధ్యాహ్నం అన్నం తిని నడుం వాలిస్తే ఆమెకు ఒళ్లు తెలియదు. ఏడుపులు విని లేచి వచ్చేసరికి అంతా అయిపోయింది. బరకం ఒక అంచు పట్టుకోమని అతను తనను పిలిచే ఉంటాడనీ, తను లేవలేదు కాబట్టే ఒక్కడూ వెళ్లాడనీ ఆమెకు ఆ రోజే అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఎవరినీ అడగలేదు. గ్రిల్లు జోలికి మాత్రం మళ్లీ పోలేదు. తడిసి తుప్పు పట్టి పోతే పోనీ అనుకుంది.

అది తుప్పు పట్టలేదు. ఈ ఏడు తొలివాన కురిసిన నాడే మొదలైంది. ఆమె పడుకునేటప్పుడు గ్రిల్లు బోసిగా ఉంటుంది. వాన వచ్చి వెలిసి, ఆమె నిద్రలేచేసరికి కప్పి ఉంటుంది. విప్పి పక్కన పడేసినా, తర్వాతి వానకు మళ్లీ కప్పి ఉంటుంది. మొదటిసారి అత్తగారే కప్పించి ఉంటుందనుకుంది. ఎవరిచేతనైనా కప్పించారా అని అడిగితే గంగాభవాని జవాబు చెప్పకుండా తల తుడుచుకుంటూ లోపలికి పోయింది. మామగారిని అడిగితే గోడ వైపు చూశాడు.

తర్వాత ఇంట్లో మరికొన్ని మార్పులు ఆమె కంట పడ్డాయి. మధ్యాహ్నం ఆమె పడుకోగానే, బయట మబ్బు పట్టిందంటే చాలు, ఒక్క చినుకైనా పడకముందే తలపైన ఫ్యాను ఆగిపోతుంది. ఒకసారి మగతలో కిటికీలోంచి చూస్తే పక్కింట్లో దీపం వెలుగుతూనే ఉంది. తమ ఇంట్లోనే కరెంటు పోయింది. ఎందుకో అర్థం కాకుండానే నిద్ర ఆమెను లాక్కుపోయింది. లేచేసరికి అత్తగారి చీర తడిసి ఉంటుంది. భుజం మీద నుంచి కుచ్చిళ్ల దాకా నీళ్లు కారుతుంటాయి. ముసలామె వణుకుతూ పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. వానలో ఎందుకు తిరిగారని అడిగితే తులసి మొక్క వాలిపోతే నిలబెట్టానని ఒకసారీ, ఆరేసిన బట్టలు తీశానని ఒకసారీ చెప్పింది.

అన్నిటికన్నా మే తును కలవరపెట్టింది పద్మిని. మొన్నటి దాకా మధ్యాహ్నాలు అమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకునే పిల్ల ఇప్పుడు ఆమె పడుకునే గదిలోకే రావడం లేదు. నాయనమ్మ కొంగు పట్టుకుని తిరుగుతోంది. తల్లి దగ్గరికి పిలిస్తే ముందు ఆమె కళ్లలోకి పరీక్షగా చూసి, ఏదో నిర్ధారణ చేసుకున్నాకే వస్తోంది. ఎందుకలా చూస్తావే అని అడిగితే ఏమీ లేదంది.

ఖాళీ బిందె చూసిన పొద్దున మే తు వంటింట్లో ఉండలేక పక్కింటికి వెళ్లింది. పక్కింటి మ్యా మ్యా పెద్దావిడ. మేడ మీద గదిలో ఉంటుంది. ఆమె కిటికీ నుంచి వీళ్ల పెరడు మొత్తం కనిపిస్తుంది. మే తు ఏమీ అడగకముందే మ్యా మ్యా ఆమె మణికట్టుకు పగోడా నుంచి తెచ్చిన పసుపుదారం కట్టింది. ఈ మాట నీకు చెప్పాలా వద్దా అని చాలా రోజులుగా అనుకుంటున్నాననీ, చెప్పకపోతే పాపమనీ అంది. తర్వాత బర్మీస్ భాషలో మెల్లగా చెప్పింది. నిన్న వాన జోరుగా ఉన్నప్పుడు కిటికీ మూద్దామని వచ్చిందట. కింద పెరట్లో డా గంగా, అంటే గంగాభవాని, నడుస్తోందట. ఆమె చేతిలో పెద్ద నల్లగొడుగు ఉంది. కాని దాన్ని తన మీద పట్టుకోలేదు. చెయ్యి బాగా ముందుకు చాచి ఎవరి మీదో పట్టింది. తను మాత్రం ముద్దగా తడుస్తూ ఆ గొడుగు వెనకే కుంటుకుంటూ నడిచింది. గొడుగు కింద ఎవరున్నారో పై నుంచి కనబడలేదు. పాదాలు మాత్రం కనిపించాయి. ఆ పాదాలు గ్రిల్లు దగ్గరికి వెళ్లి ఆగాయి.

"నేను కిటికీ మూసేశాను, మే తు. ఇంకా చూస్తే నాకు మంచిది కాదనిపించింది," అంది మ్యా మ్యా.

మే తుకు అంతా అర్థమైనట్టనిపించింది. చనిపోయిన కొడుకు వానొచ్చినప్పుడల్లా వస్తున్నాడు, తల్లి అతని మీద గొడుగు పడుతోంది, మామగారికి తెలుసు, పిల్లకు కూడా తెలుసు. తెలియనిది తనకొక్కదానికే. కట్టుకున్నవాడు వచ్చి పోతుంటే తన దగ్గరికి మాత్రం రావడం లేదు. ఎందుకు వస్తాడు, పిలిచినప్పుడు లేవని మనిషి దగ్గరికి. ఈ ఆలోచన వచ్చాక భయంతో పాటు ఏడుపు కూడా తన్నుకొచ్చింది. మ్యా మ్యా ముందే కూలబడి ఏడ్చింది.

ఇంటికి వచ్చి ట్వంటేలో ఉన్న అన్న టిన్ ఆంగ్‌కు ఫోన్ చేసింది. వాళ్లది తెలుగు నాయనమ్మ, బర్మా తాత ఉన్న కుటుంబం. టిన్ ఆంగ్‌కు తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు. కుండలు కాల్చే ఆవం నడుపుతాడు. మాట తక్కువ మనిషి. చెల్లెలు వెక్కుతూ చెప్పింది విని, మర్నాడు వచ్చి ఇద్దరినీ తీసుకుపోతానన్నాడు.

మర్నాడు మే తు మొహింగా పెట్టలేదు. వచ్చినవాళ్లంతా ఖాళీ బల్లలు చూసి వెనక్కి పోయారు. గంగాభవాని ఎందుకని అడగలేదు. గుడ్లు ఒలిచే పీట మీద ఊరికే కూర్చుంది. టిన్ ఆంగ్ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం కావచ్చింది. మే తు తన బట్టలూ పిల్ల బట్టలూ సంచిలో సర్ది హాల్లో పెట్టింది. పద్మిని ఆ సంచిని చూసి నాయనమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది. బయట గాలి ఆగిపోయి ఉక్కగా ఉంది. పెరటి వైపు ఆకాశం కమిలిన పుండులా ఉంది.

"నాను ట్వంటే పోతాను అత్తా. పద్మినిని తీస్కుపోతాను," అంది మే తు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఆమె మాట్లాడే తెలుగు ఈ ఇంటి తెలుగే.

"ఏటైంది?"

"నాకు బయమేస్తంది. వానొచ్చినప్పుడల్లా ఆయన వస్తన్నాడు. మీకు తెలుసు. మీరు గొడుగు పడతన్నారు. మ్యా మ్యా సూసింది."

వెంకటరాజు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. గంగాభవాని ముఖం పాలిపోయింది.

"ఎవులూ రాలేదు. నానే కప్పతన్నాను. ఆడి వస్తువు కదేటి. తడిసిపోతంటే సూడ్లేక."

"మీరేనా?"

"నానే."

"అయితే సెప్పండి అత్తా. బరకం నాను ఎక్కడ దాచేను?"

గంగాభవాని తలెత్తి భర్త వైపు చూసింది. అతను కళ్లు దించుకున్నాడు. మే తు గొంతు పెరిగింది. తనను ఈ ఇంట్లో పరాయిదాన్ని చేశారనీ, కన్నబిడ్డను కూడా తన నుంచి విడదీశారనీ, చచ్చినవాడి కోసం బతికున్నదాన్ని పిచ్చిదాన్ని చేస్తున్నారనీ అంది. తెలుగు చాలక సగం బర్మీస్‌లో అంది. ఇన్నేళ్లలో ఆమె అత్తగారి ఎదుట గొంతు పెంచడం అదే మొదటిసారి. గంగాభవాని ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. తిట్లన్నీ తనకు తగినవే అన్నట్టు వింటూ నిలబడింది. అది చూసి మే తుకు కోపం ఇంకా పెరిగింది.

అప్పుడు నాయనమ్మ వెనక నుంచి పద్మిని అంది.

"అటక మీద బిందెలో దాచేవు."

మే తు గిర్రున తిరిగింది. "నీకెలా తెలుసు?"

గంగాభవాని పిల్ల నోరు మూయబోయింది. పిల్ల ఆ చెయ్యి తోసేసింది.

"నువ్వే కదమ్మా మళ్లీ తీసేవు. నిచ్చెనెక్కి తీసేవు. కళ్లు తెరిచే ఉన్నావు. నాను పిలిస్తే పలకనేదు."

పెరట్లో ఎక్కడో మొదటి చినుకులు రేకు మీద పడ్డ చప్పుడు వినిపించింది. మే తు ముందు కూతురి వంక చూసింది, తర్వాత అత్త వంక, తర్వాత తన చేతుల వంక. అరచేతుల్లో అడ్డంగా ఎర్రటి గీతలున్నాయి. పులుసు కుండ మోసినందుకు పడ్డాయని ఇన్నాళ్లూ అనుకుంది. కుండ మొయ్యని ఈ రోజు కూడా అవి పచ్చిగానే ఉన్నాయి, తాడు కోసుకున్నట్టు.

"అబద్దం," అంది. ఆ మాట ఆమెకే నమ్మకంగా వినిపించలేదు.

"కూకో అమ్మీ," అంది గంగాభవాని. "ఇంక దాయను. కూకో."

గంగాభవాని నేల మీద కూర్చుని, కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. తొలివాన నాడు వరండాలో ఉల్లిపాయలు తరుగుతుంటే మే తు గదిలోంచి లేచి వచ్చిందట. కళ్లు తెరిచి ఉన్నాయి గాని ఎదురుగా ఉన్న అత్తను చూడలేదు. తిన్నగా పెరట్లోకి నడిచింది. గోడ దగ్గర చెయ్యి పెట్టి లేని ప్లగ్గును లాగింది. ఖాళీ డబ్బాలోంచి లేని గుళికలను దోసిళ్లతో తోడి డ్రమ్ములో పోసింది. గ్రిల్లు మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఆగింది, చల్లారిందో లేదో చూస్తున్నట్టు. తర్వాత బరకం కప్పి తాళ్లు కట్టింది. వానలో తడుస్తూనే వెనక్కి వచ్చి పడుకుంది. ఆ రోజు గంగాభవాని ఏం చెయ్యాలో తోచక, ఒళ్లంతా తుడిచి, అలాంటి బట్టే మార్చి, చాప పక్కనే కూర్చుంది. తర్వాతి వానకు గొడుగు సిద్ధంగా పెట్టుకుంది. నడవలేని మోకాళ్లతో ఆమె వెనకే నడిచి గొడుగు పట్టింది. తిరిగి వచ్చి పడుకున్నాక పాదాలకు అంటిన బురద తుడిచింది. ప్రతి వానకూ అదే పని.

సంతోష్ పోయాక గోడకున్న ప్లగ్గు బోర్డు పీకేయించారు. అయినా వెంకటరాజుకు నమ్మకం లేదు. కోడలు నిద్రలో ఆ గోడ మీదే చెయ్యి పెడుతుంది. అందుకని మబ్బు కనబడగానే వెళ్లి మెయిన్ ఆపేసి, ఆమె మళ్లీ పడుకునేదాకా ఆ స్విచ్చు దగ్గరే నిలబడతాడు. అది వింటూ ముసలాయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ ముడి నాకు రాదు అత్తా," అంది మే తు. "ఆయన నేర్పుతానన్నాడు గాని నాను నేర్సుకోనేదు."

"నీకు రాదని నాకూ తెలుసు. అందుకే మొదట సూసినప్పుడు కాళ్లు సల్లబడిపోనాయి నాకు."

ఆ ముడి మే తు చేతికి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు, ఎవరూ తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు. బయట చినుకులు దగ్గరపడ్డాయి. టిన్ ఆంగ్ లేచి పెరటి తలుపు దగ్గరికి వెళ్లి, చెల్లెలికి అడ్డుగా నిలబడ్డాడు. ఆమె ఇప్పుడు కూడా లేచి నడుస్తుందేమోనని అతనికి భయం వేసింది.

"ఇంకేటి సేస్తాను నిద్దట్లో?" అని అడిగింది మే తు.

గంగాభవాని కోడలి చెయ్యి పట్టుకుంది.

"మాటాడతావు. నడుస్తా నడుస్తా 'వస్తన్నాను, వస్తన్నాను' అంటావు. ఎవుల్తోనో."

మే తు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడాదిగా నోట్లోంచి రాని మాట అప్పుడు వచ్చింది. ఆ రోజు ఆయన నన్ను పిలిచాడు, నేను లేవలేదు, లేచి ఉంటే ఆయన బతికేవాడు అని వెక్కుతూ అంది. అందుకే ఇప్పుడు లేస్తున్నానేమో, అప్పుడు లేవనందుకే ఇప్పుడు నన్ను వదలడం లేదేమో అంది.

గంగాభవాని నిర్ఘాంతపోయి ఆమెను చూసింది. కోడలి చేతులు బలవంతంగా లాగి ముఖం తన వైపు తిప్పుకుంది.

"ఎవులు సెప్పేరు నీకు, పిలిచేడని?"

"పిలవకుండా ఉంతాడా?"

"పిలవనేదు. నానక్కడే ఉన్నాను. వానొస్తంది, మే తుని లేపుతానురా, ఓ సెయ్యి ఏస్తాది అన్నాను. నువ్వు పడుకున్న గది కాడికి కూడా ఎల్లేను. ఆడే ఆపేడు." ముసలామె గది గుమ్మం వైపు చూసింది. "'పడుకోనియ్యే అమ్మా, లేపకు. సీకటితో లేచింది. నాను సూసుకుంతాను' అన్నాడు. అదే ఆడి ఆకరి మాట."



ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మే తు అడగలేదు. గంగాభవానే చెప్పింది. ఆ మాట చెబితే, నీ నిద్ర కోసం నా కొడుకు పోయాడు అని ఎత్తిపొడిచినట్టు ఉంటుందని భయపడిందట. అసలు మొదటి నెలల్లో మనసులో అలాగే అనుకుందట కూడా. కోడలిని చూసినప్పుడల్లా, ఆ రోజు వాడి మాట వినకుండా లేపి ఉంటే బాగుండేదని కుమిలిపోయేదట. తర్వాత తొలివాన వచ్చింది. నిద్రలో నడుస్తున్న కోడలిని భుజం పట్టుకుని లేపబోయింది. చెయ్యి ముందుకు పోలేదు. లేపకు అన్న కొడుకు మాట చెవిలో వినబడింది. వాడు కోరిన ఆఖరి కోరిక అదొక్కటే కదా, అదైనా తీర్చుదామనుకుంది. పిల్లకూ అదే చెప్పింది, అమ్మను లేపకు, అమ్మకు చెప్పకు అని. దానివల్ల పిల్ల తల్లికి దూరమవుతోందని గ్రహించలేకపోయింది.

"తప్పో ఒప్పో నాకు తెల్దు అమ్మీ. గొడుగు పట్టడమొక్కటే నాకు సేతనైంది."

మే తు ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపులో వాన చప్పుడు ఎవరికీ వినబడలేదు. గంగాభవాని కోడలి జుట్టు నిమురుతూ తనూ ఏడ్చింది. సంతోష్ పోయినప్పుడు కూడా వాళ్లిద్దరూ చెరో గదిలో ఏడ్చారు గాని కలిసి ఏడవలేదు. వెంకటరాజు లేచి వెళ్లి, అలవాటుకొద్దీ మెయిన్ ఆపి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పద్మిని మెల్లగా వచ్చి తల్లి వీపు మీద చెయ్యి వేసింది. తల్లి తలెత్తి చూస్తే, పిల్ల ఆ కళ్లలోకి అలవాటుగా పరీక్షగా చూసింది. కళ్లు తడిగా ఉన్నాయి, తననే చూస్తున్నాయి. పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసి వేలాడింది.

టిన్ ఆంగ్ సర్దిన సంచిని తీసుకుపోయి గదిలో పెట్టేశాడు. వాన వెలిశాక పెరట్లోకి వెళ్లి గ్రిల్లు చుట్టూ తిరిగి, గోడ కొలిచి, నిట్టాడలకు ఎక్కడ గుంటలు తియ్యాలో చూసుకుని వచ్చాడు. నాలుగు వైపులా గాలి ఆడేటట్టు వదిలి, పైన చూరు బాగా ముందుకు వచ్చేలా రేకుల కప్పు వేస్తాననీ, రెండు వరసల ఇటుకల మీద గ్రిల్లును ఎత్తి నిలబెడితే కింద నీళ్లు నిలిచినా భయం లేదనీ బర్మీస్‌లో చెప్పాడు. ఆ తర్వాత కప్పడానికి ఎవరూ పరిగెత్తక్కర్లేదన్నాడు. ఆ కప్పు వెయ్యడానికి వారం పడుతుంది. ఈలోగా వానలు ఆగవు.

సాయంత్రం అందరికీ టీ ఇచ్చాక మే తు అత్తగారి పక్కన కూర్చుంది.

"ఈపాలి వానొస్తే నన్ను లేపండి అత్తా."

గంగాభవాని టీ కప్పు కింద పెట్టింది. "ఆడు లేపొద్దన్నాడే."

"ఆయన అన్నది ఆ రోజుకి. ఈ రోజుకి నాను అడుగుతన్నాను."

కొడుకు ఆఖరి మాట దాటడం గంగాభవానికి తేలికైన సంగతి కాదు. కోడలి ముఖంలోకి చూసి, చివరికి సరేనంది.

మర్నాడు మే తు మళ్లీ పులుసు పెట్టింది. నిన్న వెనక్కి పోయినవాళ్లంతా వచ్చి తిని, ఒంట్లో బాగోలేదా అని అడిగి పోయారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పడుకోవడానికి ఆమెకు భయం వేసింది. చాప మీద వాలి, కళ్లు తెరుచుకునే ఉందామనుకుంది. పద్మిని వచ్చి ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకుంది. ఆ బరువుకు ఎప్పుడు నిద్ర పట్టిందో ఆమెకే తెలియదు.

కలలో ఎవరో ఎక్కడో బరకం విదిలించిన చప్పుడయింది. తను లేస్తున్నానో లేవలేదో తెలియని ఆ మసకలో ఆమె పెదవులు కదిలాయి. వస్తన్నాను అంది. అంతలో భుజం మీద ఒక చెయ్యి పడింది. తేలిగ్గా, సందేహంగా పడి, మళ్లీ పైకి లేచి, రెండోసారి గట్టిగా పడింది.

"అమ్మీ, లే. వానొస్తంది. లెగు."

మే తు కళ్లు తెరిచింది. ఎదురుగా గంగాభవాని ముఖం ఉంది. భయపడుతూ, కోడలు తనను చూస్తోందో లేదో అని వెతుక్కుంటూ ఉంది.

"లేచేను అత్తా," అంది మే తు. "మిమ్మల్ని సూస్తన్నాను."

పిల్ల చెయ్యి మెల్లగా పక్కకు పెట్టి లేచింది. అత్తకు తన భుజం ఆసరా ఇచ్చి పెరటి తలుపు దాకా నడిపించింది. మెట్టు మీద ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. పజున్‌డాంగ్ కాలువ వైపు నుంచి వాన తెల్లటి గోడలా కదిలి వస్తోంది. ముందు దూరంగా మేడలు మాయమయ్యాయి, తర్వాత మ్యా మ్యా కిటికీ, తర్వాత పెరటి గోడ. ఆ ఏడు కురిసిన మధ్యాహ్నపు వానల్లో మే తు మేలుకుని పెరటి గుమ్మంలోంచి చూసిన వాన అదే మొదటిది. చల్లటి జల్లు మొహాన కొట్టింది. ఆమె పాదాలు తెలిసి తెలిసి తడినేల మీదికి దిగాయి.